సౌర జ్వాలలు: ఎక్స్ నంబర్ చూడాలా, పైన బిగించిన తాళ్లు చూడాలా?

2024 మే 10 రాత్రి హన్మకొండ నుంచి మా బామ్మర్ది ఫోన్. "బావా, సౌర తుఫానట. ఫోన్ స్విచాఫ్ చెయ్యాల్నా?" ఎంపీ ఎన్నికల పోలింగ్ ఇంకా మూడు రోజులే ఉంది, వాడి టెన్షన్ మాత్రం వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ గురించి. అక్కర్లేదురా అన్నాను. "మరి ఇంత పెద్ద జ్వాలలు ఇంతకుముందు రాలేదా?" అన్నాడు. అది మంచి ప్రశ్న.

వచ్చాయి. 2014 అక్టోబర్‌లో 12192 అనే సూర్య మచ్చల గుంపు (సూర్యుడి మీద అయస్కాంత క్షేత్రం బాగా బలంగా ఉండే నల్లటి చోట్లు) దాదాపు గురుగ్రహమంత వెడల్పుండేది. జ్వాల అంటే ఒక్కసారిగా ఎగసే వెలుగు, ఎక్స్ కిరణాలు; అన్నిటికన్నా బలమైనవి ఎక్స్ తరగతి, పక్క నంబర్ పెరిగితే బలం పెరిగినట్టు. అలాంటివి ఆరు దాన్నుంచి వచ్చాయి. పెద్దది ఎక్స్3.1. ఆ ఆరింటిలో ఒక్కటీ ప్లాస్మా మేఘాన్ని, అంటే విద్యుదావేశమున్న వేడి వాయువును, బయటికి విసరలేదు. అదే 2024 మే 9న 13664 మచ్చ నుంచి వచ్చిన జ్వాల ఎక్స్2.2 మాత్రమే, కానీ మేఘాన్ని వెంట తెచ్చింది. అలాంటి మేఘాలు వరసగా వచ్చి భూమికి తగిలేసరికి (సౌర తుఫాను అంటే అదే) లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే ట్రాక్టర్‌ను చూడండి. ట్రాలీ అంచులు దాటి పొంగిన పత్తిని, పైనుంచి బిగించిన తాళ్లే ఆపుతాయి. సూర్యుడి మీద మెలితిరిగిన అయస్కాంత క్షేత్రం పైకి లేవాలని చూస్తుంటే, దాని మీదుగా కమానులా వంగిన మరో క్షేత్రం ఆ తాళ్ల పని చేస్తుంది. అయస్కాంత రేఖలు తెగి మళ్లీ అతుక్కున్నప్పుడు మేఘం బయటపడినా పడకపోయినా వెలుగు వస్తుంది. మేఘం బయటపడాలంటే పై క్షేత్రం ఎత్తుతో పాటు త్వరగా బలహీనపడాలి: సుమారుగా, ఎత్తు రెట్టింపైతే బలం మూడో వంతుకు పడిపోవాలి. 12192 మీద తాళ్లు చాలా ఎత్తు దాకా గట్టిగానే ఉన్నాయి. పైగా లోపల మెలి కూడా అంతంత మాత్రమే.

అందుకే తుఫాను వస్తుందా రాదా అని చూడ్డానికి నా ఓటు తాళ్లకే. చిక్కేమిటంటే, అంత ఎత్తులో క్షేత్రాన్ని నేరుగా కొలవడం కష్టం. ఎక్కువగా ఉపరితలం మీది కొలతల నుంచి లెక్కగట్టుకోవాల్సిందే. ఎక్స్ నంబర్ అయితే నిమిషాల్లో చేతికొస్తుంది.

మనకు ఏది మేలంటే మేఘం లేనిదే, ఒక్క లోపంతో: దాని ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తాయి, పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో ముందు మాట లేకుండా మూగబోతుంది. మేఘానికైతే సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కానీ 1989 మార్చిలో అలాంటి మేఘమే కెనడాలోని క్యూబెక్‌లో తొమ్మిది గంటలు కరెంటు లేకుండా చేసింది.

ఇదంతా చెప్పాక "ఇప్పుడున్న మచ్చకు తాళ్లు గట్టియేనా బావా?" అన్నాడు. ఎప్పుడో తెగాయి, మేఘాలు భూమికి చేరాయి కూడా అన్నాను. వాడు ఫోన్ స్విచాఫ్ చేసే పడుకున్నాడు.