ఏప్రానా, స్క్రబ్సా?

హౌస్ సర్జన్సీలో చేరే ముందు జూనియర్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఏప్రాన్ అంటే డాక్టర్ల తెల్లకోటు; స్క్రబ్స్ అంటే ఆస్పత్రిలో వేసుకునే వదులు చొక్కా, ప్యాంటు.

ఖర్చు: ఏప్రాన్లు రెండుంటే గడిచిపోతుంది, లోపల ఏ బట్టలైనా సరే. స్క్రబ్స్ కనీసం మూడు జతలు కావాలి.

ఉతుకు: ఏప్రాన్ వారాల తరబడి ఉతకనివాళ్లే ఎక్కువ (నేనూ అంతే). స్క్రబ్స్ డ్యూటీ దిగగానే బకెట్లో నానేస్తాం.

ఇన్ఫెక్షన్: చిక్కంతా ఏప్రాన్ పొడుగు చేతులతోనే. రోగి పొట్ట నొక్కి చూడ్డానికి వంగితే చేతి అంచు దుప్పటికి రాసుకుంటుంది. అదే అంచుతో పక్క మంచానికి వెళ్తాం. మోచేతుల కింద గడియారం కూడా ఉండకూడదని 2007లో బ్రిటన్ ఆరోగ్య శాఖ చెప్పింది. కోటు వల్లే రోగాలు అంటుతున్నాయనడానికి గట్టి రుజువు లేదు గానీ, పొట్టి చేతులదైతే మణికట్టు దాకా కడుక్కోవడం మాత్రం సులువవుతుంది.

గుర్తింపు: ఇక్కడ ఏప్రాన్‌దే పైచేయి. స్క్రబ్స్‌లో ఉన్న లేడీ డాక్టర్ పావుగంట పరీక్ష చేసి, మందులు రాసి, అన్నీ వివరించాక పెద్దావిడ అడుగుతుంది: "సరే సిస్టరమ్మా, డాక్టరుగారు ఎప్పుడొస్తారు?" అబ్బాయిలకు ఈ తిప్పలు తక్కువ. "అమ్మా, నేను డాక్టర్ని" అని ముందే చెప్పి, తెలుగులో పెద్ద అక్షరాల బ్యాడ్జి పెట్టుకుంటే సగం తీరుతుంది.

జేబులు: ఏప్రాన్‌వే పెద్దవి.

ఓపీకి, రౌండ్స్‌కి పొట్టి చేతుల ఏప్రాన్. క్యాజువాల్టీకి, లేబర్ రూమ్‌కి, నైట్ డ్యూటీకి స్క్రబ్స్. థియేటర్‌లో వాళ్లిచ్చినవే వేసుకోవాలి; వాటితో క్యాంటీన్‌కి మాత్రం రావొద్దు.