చర్చి యూత్ సెయిలింగ్ క్యాంపుకి సామాన్లు: వైజాగ్‌లో దొరికేవాటిలో ఏది సరుకు, ఏది దండగ

వారం రోజుల సెయిలింగ్ క్యాంపుకి చర్చి నుంచి పిల్లల్ని పంపేటప్పుడు చేతికొచ్చే లిస్టులో పాతిక ముప్ఫై వస్తువులుంటాయి. అన్నీ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి టార్చిలైటుకీ లైఫ్ జాకెట్‌కీ ఒకే విలువ ఉన్నట్టు కనిపిస్తుంది. అమ్మానాన్నలు డబ్బంతా బ్యాగుకీ నల్లకళ్ళద్దాలకీ పోసేసి, జాకెట్ దగ్గరికొచ్చేసరికి బేరాలాడతారు. నిజానికి వారాన్ని నిలబెట్టేవీ చెడగొట్టేవీ మూడే: ఒంటికి సరిపోయిన జాకెట్, నీళ్ళలో ఊడిపోని బూటు, ఎండ ఆపే చొక్కా. ఈ రివ్యూలో ఎక్కువ చోటు వాటికే.

ముందు జాకెట్. బజార్లో ‘లైఫ్ జాకెట్ ఉందా’ అనడిగితే సాధారణంగా అటక మీద నుంచి తీసేది నారింజ రంగుది. ముందు రెండు ఫోమ్ దిమ్మలు, మెడ వెనక ఒక దిండు, నడుముకి రెండు పట్టీలు. అది బోటు షికారుకెళ్ళే ప్రయాణికుల కోసం చేసిన సరుకు. కదలకుండా కూర్చునేవాళ్ళకి పర్వాలేదు. తెరచాప పడవలో ఎవరూ కదలకుండా కూర్చోరు. గాలికి ఎదురెళ్ళేటప్పుడు పడవ మలుపు తిరిగిన ప్రతిసారీ బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) కింద నుంచి దూరి అవతలి అంచుకి పాకాలి. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవ పొడవే 2.36 మీటర్లు. అందులో ఆ దిమ్మలు పెట్టుకుని వంగితే గడ్డానికి తగులుతాయి, మెడ దిండు బూమ్‌కి తగులుతుంది, వేలాడే పట్టీ కొస తెరచాపని లాగి వదిలే మెయిన్ షీట్ తాడులో చిక్కుకుంటుంది. పడవ బోల్తాపడితే ఇంకో తంటా: కాళ్ళ మధ్య పట్టీ లేదు కాబట్టి జాకెట్ మొత్తం చెవుల దాకా లేచిపోయి, మనిషి అందులోంచి కిందికి జారతాడు. చవకే కావొచ్చు, ఈ పనికి మాత్రం 5కి 1.

కావలసింది 50 న్యూటన్ల బాయన్సీ ఎయిడ్, అంటే తేలడానికి సాయపడే జాకెట్. న్యూటన్లంటే తేల్చే శక్తికి కొలత. పొట్టిగా, చేతులు ఆడేలా చంకల దగ్గర బాగా కోసి ఉంటుంది. లోపలి లేబుల్ మీద ఐఎస్‌ఓ 12402-5 అని ఉండాలి. 12402-4 అని ఉంటే అది 100 న్యూటన్ల లైఫ్ జాకెట్. ఈ రెంటికీ తేడా షాపువాడు చెప్పడు, ‘అన్నీ ఒకటే సార్’ అంటాడు. ఒకటి కాదు. 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్ళకి, రెస్క్యూ బోటు దగ్గర్లో ఉన్నప్పుడు. స్పృహ తప్పినవాణ్ణి వెల్లకిలా తిప్పే శక్తి దానికి లేదు. ఈత రాని పిల్లకి దాన్ని తొడిగి నీళ్ళలోకి పంపకూడదు. ముందు ఈత, లేదా 100 న్యూటన్లది.

సైజు వయసుని బట్టి కాదు, లేబుల్ మీద రాసిన బరువుని బట్టి. ‘ఎదిగే పిల్లాడు, ఒక సైజు పెద్దది తీసుకుందాం’ అనేది స్కూల్ యూనిఫాం దగ్గర చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. షాపులోనే తొడిగించి, జిప్పు వేసి, పట్టీలన్నీ కింది నుంచి పైకి బిగించండి. తర్వాత రెండు భుజాల దగ్గరా జాకెట్‌ని పట్టుకుని గట్టిగా పైకి లాగండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే వదులు. గడ్డం కిందే ఆగితే సరే. అలాగే నేల మీద కూర్చోబెట్టి, మోకాళ్ళు ముడిపించి, రెండు చేతులూ ముందుకి చాపించండి. పడవలో కూర్చునే తీరు అదే. అప్పుడు ఫోమ్ పొట్టలో గుచ్చుకుంటే ఆ కోత పిల్లాడికి సరిపోలేదన్నమాట.

క్యాంపువాళ్ళే జాకెట్ ఇస్తామంటే కొత్తది కొనక్కర్లేదు. పిల్లవాడి బరువు ముందే చెప్పి ఆ సైజు ఉందో లేదో కనుక్కోండి చాలు. చర్చి స్టోర్‌రూంలో పాతవి మూలుగుతూ ఉంటే మాత్రం వాటిని తేల్చి చూడకుండా ఎవరికీ తొడగకండి. ఫోమ్ మీద బరువులు పెట్టినా, ఏళ్ళ తరబడి మడిచి కూరినా అందులోని గాలి గదులు నలిగిపోతాయి, తేలే శక్తి పోతుంది. పైకి గుడ్డ కొత్తగానే కనిపిస్తుంది. పరీక్ష ఇలా: పెద్ద నీళ్ళ డ్రమ్ము, కూరగాయల కొట్లో వాడే 5 కిలోల ఇనుప తూకం రాయి. పెద్దవాళ్ళ సైజు జాకెట్‌కి రాయిని కట్టి నీళ్ళలో వదలండి. ఇనుము నీళ్ళలో తన బరువులో ఎనిమిదో వంతు కోల్పోతుంది కాబట్టి 5 కిలోల రాయి సుమారు 4.4 కిలోలే తూగుతుంది. 50 న్యూటన్లంటే 5 కిలోల పైచిలుకు. అంటే రాయితో సహా జాకెట్ తేలాలి. మునిగితే పక్కన పడేయండి. పిల్లల సైజుల్లో ఫోమ్ తక్కువ, వాటికి 3 కిలోల రాయి చాలు. వదలగానే తేలిందని సంబరపడకుండా ఓ రాత్రంతా అలాగే ఉంచి తెల్లారి చూడండి. చిల్లిపడ్డ ఫోమ్ నీళ్ళు పీల్చడానికి టైం పడుతుంది.

జాకెట్‌కి ఒక ఈల కట్టాలి. లోపల గోళీ లేని ప్లాస్టిక్ ఈల. గోళీ ఉన్నది తడిస్తే పలకదు.

ఇక బూట్లు. హవాయి చెప్పులు మొదటి పది నిమిషాల్లో నీళ్ళలో పోతాయి. క్రాక్స్ రకం తేలతాయి గానీ కాలికి నిలవవు. ఉత్త కాళ్ళతో దిగితే, పడవలు దించే ర్యాంపు మీద పాచి జారుతుంది, రాళ్ళకి అంటుకున్న గుల్లలు బ్లేడులా కోస్తాయి. ఆ గాయం ఉప్పునీళ్ళలో వారం పాటు మానదు, క్యాంపు అక్కడితో సరి. నియోప్రిన్ (మెత్తటి రబ్బరు లాంటి సరుకు) బూట్లు మంచివే, 5కి 4, కానీ ఒక్క వారానికి అంత పెట్టక్కర్లేదు. స్కూల్ తెల్ల పీటీ షూస్ పాతవి ఒక జత చాలు. వాటి లోపాలు రెండు: తడిస్తే బరువు, మూడో రోజుకి సోలు ఊడడం మొదలెడుతుంది. సాయంత్రం మంచినీళ్ళలో ముంచి తీసి, లోపల పాత పేపరు కుక్కి, నీడలో ఆరేస్తే వారం లాక్కొస్తాయి. లేసులు రెండు ముళ్ళు వేసి కొసలు లోపలికి దోపాలి. వేలాడే లేసు కాళ్ళు పట్టే హైకింగ్ స్ట్రాప్‌కి చుట్టుకుంటుంది.

బట్టల్లో జీన్సు, నూలు టీషర్టు వద్దు. తడిసిన నూలు ఒంటికి అతుక్కుని గాలికి చలి పుట్టిస్తుంది, తొడల దగ్గర ఒరుసుకుని చర్మం లేచిపోతుంది. క్రికెట్ టీముల వాళ్ళు వేసుకునే ఫుల్ చేతుల పాలిస్టర్ టీషర్టులు సరిగ్గా సరిపోతాయి, కుట్టించుకున్నా ఎక్కువ కాదు. మూడు జతలు ఉండాలి. సముద్రం పక్కన తేమకి రాత్రి ఆరేసినవి తెల్లారేసరికి ఆరవు. ఆడపిల్లలకి లెగ్గింగ్స్, మీద పొడుగు టీషర్టు. చున్నీ ఒడ్డున ప్రార్థనకి ముసుగు వేసుకోవడానికి తప్పనిసరి, పడవ ఎక్కేముందు మాత్రం తీసి సంచిలో పెట్టేయాలి. జడని మడిచి కట్టి టోపీ లోపల దోపాలి. మెయిన్ షీట్ తాడు పుల్లీ గుండా పరిగెత్తేటప్పుడు వదిలేసిన జుట్టుని కూడా లాక్కుపోతుంది.

ఫుల్ చేతుల చొక్కా ఎందుకంటే సన్‌స్క్రీన్ లెక్క చూడండి. పెద్దవాళ్ళ ఒంటి మొత్తానికి ఒకసారి రాయాలంటే 30 గ్రాములు కావాలి. అంతకన్నా పల్చగా రాస్తే డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్ 50 ఒంటి మీద ఉండదు. హాఫ్ చేతులు, నిక్కరు అయితే సగం ఒళ్ళు బయటే, అంటే ఒకసారికి 15 గ్రాములు. రెండు గంటలకోసారి, రోజుకి మూడుసార్లు రాస్తే 45. మెడికల్ షాపులో కొన్న 50 గ్రాముల ట్యూబు ఒక్కరోజుకి సరి. అదే ఫుల్ చేతులు, లెగ్గింగ్స్ వేస్తే మిగిలేది మొహం, మెడ, చేతులు, పాదాలు. రోజుకి 15 గ్రాములు దాటదు, వారానికి రెండు ట్యూబులు. సన్‌స్క్రీన్ మీద మిగిలిన డబ్బుతోనే చొక్కాలొస్తాయి. నీళ్ళమీది ఎండ కింది నుంచీ కొడుతుంది. గడ్డం కింద, చెవుల వెనక, ముక్కు రంధ్రాల అంచున రాయడం అందరూ మర్చిపోతారు.

డ్రై బ్యాగులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కుప్పలు. పైన మూతిని చుట్టి బకిల్ పెట్టే రకం తీసుకోండి. దళసరి టార్పాలిన్‌ది 5కి 4. పల్చటి నైలాన్‌ది 5కి 2, అడుగు కుట్టు దగ్గర మూడో రోజుకి చెమరుస్తుంది. కానీ చాలాసార్లు తప్పు సంచిది కాదు. మూతి దాకా కూరి ఒక్క చుట్టు చుట్టి బకిల్ పెడితే ఏ సంచైనా కారుతుంది. మూడింట రెండొంతులే నింపి, మోకాలితో నొక్కి గాలి తీసి, మూతి రెండు పెదాలూ సమంగా కలిపి కనీసం మూడు చుట్లు చుట్టాలి. మధ్యలో ఇసుక రేణువులు ఉంటే అదే దారి నీళ్ళకి. కొన్నరోజే ఖాళీ సంచిలో గాలి పట్టి మూసి బకెట్‌లో నొక్కండి. బుడగలు కుట్టు దగ్గర వస్తే వెనక్కిచ్చేయండి, మూతి దగ్గర వస్తే మళ్ళీ చుట్టండి. పడవలోకి 10 లీటర్లది చాలు. ఫోను మాత్రం అందులో పెట్టినా పడవలోకి వద్దు. ఫొటోల సరదా ఒడ్డునే తీర్చుకోవాలి.

బైబిలు సంగతి. కాగితం పల్చన కాబట్టి ఒక్కసారి ఉప్పునీళ్ళు తగిలితే పేజీలు అట్టకట్టుకుపోతాయి. ఇంట్లో తాతగారి బైబిలు పంపకండి. చిన్న కొత్త నిబంధన ఒకటి జిప్పు కవర్లో పెట్టిస్తే ఉదయం ధ్యానానికీ, సాయంత్రం సహవాసానికీ సరిపోతుంది. పాటల పుస్తకం ఇద్దరికొకటి. వాక్యం చెప్పే అన్నలకి చిన్న సూచన: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయాన్ని మొదటిరోజు కాకుండా నాలుగోరోజుకి ఉంచండి. ఓడని తాళ్ళతో బిగించి కట్టడం, 20 బారల లోతు తర్వాత 15 బారలు తేలడం, అమరం నుంచి నాలుగు లంగర్లు వేయడం, ఇవన్నీ చేతులు తాడు పట్టాక వేరుగా వినిపిస్తాయి. బార అంటే చాచిన రెండు చేతుల నిడివి, సుమారు 1.8 మీటర్లు. 20 బారలంటే 36 మీటర్ల లోతు.

తాడు కూడా లిస్టులో ఉంటుంది, ముళ్ళు నేర్చుకోవడానికి. ఫిషింగ్ హార్బర్ దగ్గర తాళ్ళ కొట్లకి వెళ్తే ముందు చేతిలో పెట్టేది నీలం, ఆకుపచ్చ ప్లాస్టిక్ తాడు. వలలకి అది మంచిది, నీళ్ళ మీద తేలుతుంది. ముళ్ళు నేర్చుకోవడానికి పనికిరాదు. నున్నగా, బిరుసుగా ఉండి, సరిగ్గా వేసిన బౌలైన్ (బిగుసుకోని ఉచ్చు ముడి) కూడా వదులైపోతుంది. పిల్లలు తామే తప్పు వేశామనుకుని ముడి మార్చేసుకుంటారు. అల్లిన పాలిస్టర్ తాడు 6 లేక 8 మిల్లీమీటర్లది, మనిషికి 2 మీటర్లు అడగండి. కోసిన కొసల్ని మంటకి చూపిస్తే విడిపోవు. వెళ్ళేలోపు రెండు ముళ్ళు వస్తే చాలు: బౌలైన్, 8 అంకె ఆకారంలో ఉండే ఫిగర్ ఆఫ్ ఎయిట్. రెండోది మెయిన్ షీట్ చివర లేకపోతే తాడు పుల్లీలోంచి జారిపోయి, తెరచాప మీ చేతిలో ఉండదు.

మందుల్లో ఓఆర్‌ఎస్ ముఖ్యం. ఎలక్ట్రాల్ 21.8 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒక లీటరులో కలపాలి. సగం బాటిల్లో ప్యాకెట్ అంతా పోసి తాగిస్తే మేలుకి బదులు కీడు. కడుపులో తిప్పడానికి అవోమిన్ అడుగుతారు. దాంతో మత్తు వస్తుంది, మత్తులో ఉన్నవాడు బూమ్ రావడం చూసుకోడు. డాక్టరుని అడక్కుండా ఇవ్వకండి. ఖాళీ కడుపుతో ఎక్కించకుండా రెండు ఇడ్లీలు పెట్టి, దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతని చూడమంటే చాలామందికి సర్దుకుంటుంది.

నల్లకళ్ళద్దాలు దండగ, మొదటి బోల్తాలోనే పోతాయి. చూపు అద్దాలున్నవాళ్ళకి వెనక బిగించే తాడు మాత్రం తప్పనిసరి. చేతి తొడుగులు సగం వేళ్ళవి, తోటపనివైనా ఫర్వాలేదు.

తేదీల మీద ఒక మాట. దసరా సెలవులు వీలని అక్టోబరులో పెట్టే క్యాంపుకి డబ్బు కట్టేముందు, తుఫాను వస్తే తిరిగిస్తారా అని అడగండి. హుద్‌హుద్ మన ఊరిని కొట్టింది 2014 అక్టోబరు 12నే. క్రిస్మస్ తర్వాతి వారం మేలు.

తిరిగొచ్చాక జాకెట్‌ని మంచినీళ్ళలో రెండుసార్లు ముంచి, నీడలో వేలాడదీయండి. ఎండలో వేస్తే గుడ్డ రంగూ పోతుంది, కుట్టూ బలహీనపడుతుంది. జిప్పు ఉప్పు పట్టి బిగుసుకుంటే లాగి తెంపకుండా, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరాక, క్రిస్మస్‌కి మిగిలిన కొవ్వొత్తి ముక్క ఏదైనా ఉంటే పళ్ళ మీద రెండువైపులా రుద్దండి.