గ్రీకు దీవుల్లో గ్రూప్ వాకింగ్ టూర్: దారులకు ఫుల్ మార్కులు, ఆఫీసుకు పాస్ మార్కులు కూడా కష్టమే

నాక్సోస్, అమోర్గోస్, చివర్లో శాంటోరిని. ఈ మూడు దీవుల్లో గ్రూప్‌తో కలిసి నడిచే టూర్ ఇది. రోజూ పొద్దున బయల్దేరి నాలుగైదు గంటలు నడక, సాయంత్రం ఓపికుంటే సముద్రంలో ఈత, రాత్రి ఏదో ఒక టావెర్నాలో, అంటే అక్కడి చిన్న హోటల్లో, భోజనం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి టూర్లు నడిపేవాళ్లు బోలెడుమంది, ఎవరితో వెళ్లినా చూసుకోవాల్సినవి ఇవే.

అసలు ఆ దారుల్లో నడవడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. రోడ్లు రాకముందు కంచరగాడిదల కోసం రాళ్లు పరిచి వేసిన బాటలు, అక్కడ కల్దెరిమి అంటారు, ఊరి నుంచి ఊరికి ఇప్పటికీ ఉన్నాయి. చాలా మలుపుల దగ్గర నంబరుతో ఎరుపు తెలుపు గుర్తులు ఉంటాయి, ఫోన్‌లో మ్యాప్ ఉంటే తప్పిపోయే టెన్షన్ కూడా పెద్దగా లేదు. మరి అంత డబ్బు దేనికయ్యా అంటే, మన పెట్టెలు మనకంటే ముందే తర్వాతి గదికి చేరడానికి, ఫెర్రీల గొడవ మన నెత్తిన పడకుండా ఉండడానికి. కాబట్టి కంపెనీ ఎలాంటిదో ఫెర్రీ ఆగిపోయిన రోజున తేలిపోతుంది.

మాకు ఆ రోజు రానే వచ్చింది. ఈజియన్ సముద్రం మీద ఎండాకాలమంతా ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది, జులై, ఆగస్టుల్లో దాని జోరు ఎక్కువ, సెప్టెంబరులో కూడా ఒక్కోసారి పట్టుకుంటే వదలదు. గాలి మరీ ముదిరితే ఓడలను రేవు దాటనివ్వరు. నాక్సోస్ నుంచి అమోర్గోస్ వెళ్లాల్సిన రోజు పొద్దున్నే ఇదే కబురు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎత్తిన నాథుడు లేడు, మధ్యాహ్నం దాటాక తీరిగ్గా ఒక మెయిల్: వాతావరణం మా చేతుల్లో లేదు, అదనపు రాత్రి గది ఖర్చు మీదే. సరే, గాలి వాళ్ల చేతుల్లో లేదు, ఫోన్ కూడా లేదా? అంతా మా గైడ్ ఆవిడే చక్కబెట్టింది. రేవులో టికెట్ల కౌంటర్ ముందు నిలబడి, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, ఒకసారి మా హోటలాయనతో, ఇంకోసారి అమోర్గోస్ వాళ్లతో మాట్లాడుతూనే పాత టికెట్లు మార్పించి మర్నాటివి తీసుకుంది. ఆ తర్వాత మమ్మల్ని ఖాళీగా కూర్చోనివ్వకుండా హల్కి ఊరి చుట్టూ ఉన్న ఆలివ్ తోటల్లోకి తీసుకెళ్లింది. దబ్బ జాతి చెట్టు ఆకులతో కిత్రోన్ అనే లిక్కర్ చేసేది అక్కడే. తియ్యగా ఉంటుంది, నాకైతే ఒక గుక్క చాలనిపించింది.

ఇక నడక ఎంత కష్టమో చెబుతూ కంపెనీ రాసిన 'మోడరేట్' (మధ్యస్థం) అనే మాట. నాక్సోస్‌లోని జాస్ కొండ, ఈ మూడు దీవులున్న సైక్లడీస్ అనే దీవుల గుంపు అంతట్లో ఎత్తైనది, అయినా 1,000 మీటర్లకు ఏ కొంచెమో ఎక్కువ, అంతే. ఎత్తు సమస్యే కాదు. గుహ వైపు నుంచి ఎక్కే దారిలో కాలి కింద రాళ్లు జారుతుంటాయి, దిగేటప్పుడు అయితే మోకాళ్లు మొర పెట్టుకుంటాయి. గ్రూప్‌లో ఒక పెద్దావిడ సగం దారిలోనే కూలబడింది, పాపం ఆవిడ తప్పేం లేదు, మోడరేట్ అని రాశారు కాబట్టే వచ్చింది. అగియా మరీనా చిన్న చర్చి వైపు నుంచి తేలికైన దారి ఉంది, ఆ సంగతి ముందే రాసి ఎవరికి ఏది కావాలో అడిగి ఉంటే సరిపోయేది. బుక్ చేసే ముందు కిలోమీటర్లు కాదు, ఎక్కుడు ఎంత, దిగుడు ఎంత, కింద రాయా మట్టా అని అడగండి.

అమోర్గోస్‌కి మాత్రం వంక పెట్టలేను. 11వ శతాబ్దపు హోజోవియోటిస్సా మఠం నిలువు కొండ మొహానికి తెల్లగా అతుక్కుని ఉంటుంది. లోపల గది వెంట గది ఉండదు, ఇరుకు మెట్ల మీద పైకి పైకి పోతుంటాం, ఒక పక్క గోడ సున్నం, ఇంకో పక్క గోడ కొండ రాయే. మోకాళ్లు కప్పే బట్టలు లేకపోతే లోపలికి రానివ్వరు. పైన కూర్చోబెట్టి లొకుమీ అనే మిఠాయి ముక్క, చిన్న గ్లాసులో రాకీ అనే తియ్యటి సారా ఇచ్చారు. అక్కడి నుంచి ఎగియాలి ఊరి దాకా కొండ అంచునే పాత బాట, అడుగు వేస్తే తైమ్ అనే ఘాటు ఆకు మొక్కల వాసన, కింద ఎక్కడో సముద్రం, నాలుగైదు గంటల్లో మేకలు తప్ప పలకరించే దిక్కు లేదు. టూర్ డబ్బు ఆ ఒక్క రోజుతోనే గిట్టుబాటైంది.

శాంటోరినిలో ఫిరా నుంచి ఇయా దాకా అగ్నిపర్వతం అంచు మీద 10 కిలోమీటర్ల నడక. చూపు తిప్పుకోలేం, అది ఒప్పుకోవాల్సిందే. కానీ మమ్మల్ని ఎండ నడినెత్తికి వచ్చాక బయల్దేరదీశారు, దారిలో నీడ అంటే ఏ గోడ పక్కనో వెతుక్కోవాలి, ఊళ్లు దాటాక కంకర మీద బూటు పట్టు దొరకదు, తీరా ఇయా చేరితే సూర్యాస్తమయం కోసం జాతర. పొద్దున ఏడింటికే మొదలుపెట్టించే కంపెనీ అయితేనే ఈ రోజుకి విలువ.

తిండి సంగతి: శాకాహారులకు ఇబ్బంది లేదు. శాంటోరిని ఫావా అచ్చం ముద్దపప్పే, మీద ఆలివ్ నూనె, ఉల్లిపాయ. బియ్యం కూరిన టమాటాలు, గిగాంతెస్ అనే పెద్ద చిక్కుడు గింజలు దాదాపు ప్రతిచోటా దొరికాయి. కంపెనీ ఇచ్చే మధ్యాహ్నం పొట్లం మాత్రం రోజూ అదే చీజ్ శాండ్‌విచ్. మూడో రోజుకే గ్రూప్ సగం మంది బేకరీలో పాలకూర కూరిన పేస్ట్రీ (స్పినాచ్ పై) కొనుక్కుని బయల్దేరడం మొదలుపెట్టారు.

అయిదుకి మూడు స్టార్లు, అందులో రెండు గైడ్ ఆవిడవి. చీలమండ కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు తప్పనిసరి. ఆ ముళ్లపొదలు కాళ్లను గీరేస్తాయి, పైగా మగవాళ్లకైతే మఠంలోకీ అదే ప్యాంటు పనికొస్తుంది.