తినిపించడమా, తినడానికి సాయపడటమా?

వృద్ధాశ్రమంలో చేతులు వణికే పెద్దాయనకు భోజనం పెట్టడానికి రెండు దారులున్నాయి. స్పూన్ మనమే పట్టుకుని నోట్లో పెట్టడం ఒకటి. ఆయన చేతికే ఇచ్చి, మన చెయ్యి కింద ఆసరాగా ఉంచడం రెండోది.

మొదటిదాంట్లో పని త్వరగా తెమిలిపోతుంది, బట్టల మీద పడదు. సిబ్బంది తక్కువున్న చోట దీనికే మొగ్గు చూపుతారు, వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఎప్పుడు, ఎంత తినాలన్నది మన ఇష్టమైపోతుంది. పైగా నిలబడి తినిపిస్తే ఆయన తల పైకెత్తాలి. అలా మింగితే పొలమారే ప్రమాదం ఎక్కువ.

రెండోదానికి ఓపిక కావాలి. పక్కనే, ఆయన కళ్ల ఎత్తులో కూర్చోవాలి. లావు పిడి ఉన్న స్పూన్, అంచు లేచిన పళ్లెం ఇస్తే పని సులువవుతుంది. మన చెయ్యి కిందే ఉంది కాబట్టి, వద్దనిపిస్తే ఆయనే ఆపేస్తారు. మతిమరుపు జబ్బున్నవాళ్లలో కూడా చాలాసార్లు ఆ కదలిక చేతికి గుర్తుంటుంది. కాస్త ఒలికితే ఒలకనీ, తుడుచుకోవచ్చు. (మూతి తుడిచేముందు ఒక మాట చెప్పండి. చంటిపిల్లల బిబ్ మాత్రం వద్దు, న్యాప్‌కిన్ చాలు.)

నా ఓటు రెండోదానికే. అయితే చెయ్యి అసలు లేవనివాళ్లకు, బాగా నీరసించినవాళ్లకు మొదటిదే దిక్కు. అప్పుడైనా ఏం పెడుతున్నామో చెప్పి, ముందు ఏది కావాలో అడగాలి. నోట్లోది మింగాకే రెండో స్పూన్ ఎత్తాలి. మెత్తగా చేసిన పదార్థాలన్నీ కలిపేయకుండా విడివిడిగానే పెట్టాలి. తిన్నాక అరగంటైనా నిటారుగా కూర్చోబెట్టాలి, ఏ పద్ధతైనా సరే.