వీట్ బీరా, ఐపీఏనా?

చిన్న బ్రూవరీల్లో అసలు పోటీ గోధుమతో చేసే వీట్ బీర్‌కీ, చేదెక్కువ ఉండే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే బీర్‌కీ మధ్యే. నా ఓటు వీట్ బీర్‌కే. జర్మన్ పద్ధతిలో చేసే హెఫెవైజెన్ అనే వీట్ బీర్‌కి వాడే ధాన్యంలో కనీసం సగం గోధుమ మాల్టే (మొలకెత్తించి ఆరబెట్టిన గోధుమలే) ఉంటుంది. వడకట్టరు కాబట్టి గ్లాసులో మసకగా, పైన దట్టమైన నురగతో కనిపిస్తుంది. ముక్కు దగ్గర పెడితే అరటిపండు, లవంగం వాసన. అవేవీ అందులో వెయ్యరు, అంతా బీరుని పులియబెట్టే ఈస్ట్ చేసే పనే! చేదు 15 ఐబీయూ (బీరు చేదుని కొలిచే యూనిట్) దాటడం అరుదు.

ఐపీఏలో పెత్తనం హాప్స్‌ది, అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులది. చేదు 40 నుంచి 70 ఐబీయూ దాకా పోతుంది. తాజాగా ఉంటే నారింజ తొక్క, మామిడి వాసనతో అదిరిపోతుంది. నిల్వ ఉంటే ముందు పోయేది ఆ వాసనే. అందుకే తేదీ చూడకుండా ఐపీఏ కొనొద్దు. చేదు ఇష్టపడేవాళ్లకి ఇదే సరైంది. కారంగా ఉండే తిండి పక్కన మాత్రం వీట్ బీరే నయం, ఐపీఏతో మంట ఇంకా ఎక్కువ తెలుస్తుంది.