మెటల్ చక్రాలు, ఒక గోళ్ల రంగు సీసా: నాలుగున్నరేళ్ల అనుభవం

మా ఇంట్లో పాత బనియన్లు పారేయం. ముక్కలు చేసి, నా మోడల్ రైళ్లు నడిచే గదిలో పెడతాం. నాలుగున్నరేళ్ల క్రితం వరకు ప్రతి ఆదివారం పొద్దున నా పని ఒకటే: బనియను ముక్క వేలికి చుట్టుకుని, గది చుట్టూ ఉన్న నలభై అడుగుల లైనును అంగుళం అంగుళం తుడవడం. ముక్క తిప్పి చూస్తే కాటుక గీసినట్టు నల్లటి చార. ఇంత చేసినా బుధవారానికల్లా, పట్టాల నుంచే కరెంటు అందుకునే ఇంజన్‌కు మళ్లీ నత్తి మొదలయ్యేది.

మాది సికింద్రాబాద్‌లో రెండో అంతస్తు. కింద బస్సులు తిరిగే రోడ్డు, గోడకు అవతల వంటగది. మొదట రోడ్డు దుమ్మును తిట్టుకున్నాను. తర్వాత తాలింపు పొగ మీద అనుమానం పడ్డాను. (తాలింపు వేసేముందు తలుపు మూయమని మా ఆవిడతో ఒకే ఒక్కసారి అన్నాను.) ఆ రెండింటి వాటా లేదనను. కానీ ఒకరోజు పెట్టె తిరగేసి ప్లాస్టిక్ చక్రాన్ని గోటితో గీరితే నల్లటి పొర చెక్కులా లేచి వచ్చింది. అప్పుడు అర్థమైంది. నేను తుడుస్తుంటే పన్నెండు పెట్టెల కింద తొంభై ఆరు చక్రాలు మళ్లీ పూస్తున్నాయి.

ప్లాస్టిక్ తీసేసి మెటల్ వేద్దామనుకున్నాను. ఆ మెటల్ చక్రాలు అమెరికా నుంచి మా బావమరిది సూట్‌కేసులో వచ్చాయి. మొదటి డజను ఇరుసులు తప్పు సైజు తెప్పించాను. అమెరికా వాళ్లు మోడల్ చక్రాన్ని అసలు రైలు చక్రం సైజుతోనే పిలుస్తారు; గూడ్స్‌కు 33 అంగుళాలవి, ప్యాసింజర్ పెట్టెలకు 36 అంగుళాలవి ఎక్కువ వాడతారు. నేను చూసుకోకుండా 33వి చెప్పాను. మన ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) ప్యాసింజర్ పెట్టె చక్రం 915 మిల్లీమీటర్లు, అంటే దాదాపు సరిగ్గా 36 అంగుళాలు. నా రైళ్ల హెచ్‌వో స్కేల్లో, అంటే అసలులో 87వ వంతు సైజులో, 10.5 మిల్లీమీటర్లు. 33 అంగుళాలది వేస్తే పెట్టె అర మిల్లీమీటరు కిందికి దిగుతుంది. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది గానీ, పట్టాల అతుకు దగ్గర కప్లింగ్ ఊడటానికి అది చాలు. ఆ డజను ఇంకా డబ్బాలోనే ఉంది.

సరైన సైజువి వేశాక వచ్చిన ఆనందం గురించి చెప్పాలి. వాలు చెక్క మీద పెట్టి వదిలితే ప్లాస్టిక్ చక్రాల పెట్టె చెక్క దిగాక ఒక జానెడు పోయి ఆగేది. మెటల్ వేసిన అదే పెట్టె రెండు మూరలు దాటి పోయింది. ఏడు పెట్టెలు లాగడానికి గింజుకునే ఇంజన్ తొమ్మిది లాగింది. అతుకుల మీద ఆ టకటక చప్పుడు సరేసరి, ప్లాస్టిక్‌కు ఆ గొంతు ఎక్కడిది! ఇక బనియను సంగతి. మొదటి నెల అలవాటు కొద్దీ ఆదివారం తుడిచాను. ముక్క మీద పల్చటి బూడిద రంగు, అంతే. తుడవడం రెండు వారాలకోసారైంది, తర్వాత నెలకోసారి. చూడటానికి వచ్చిన ప్రతివాడికీ అప్పట్లో ఒకటే చెప్పేవాణ్ని: కళ్లు మూసుకుని కొనెయ్యండి.

ఇప్పుడు కళ్లు తెరుచుకునే కొనమంటున్నాను. ఎందుకంటే:

నలభై ఎనిమిది ఇరుసులూ మార్చిన వారానికి చుట్టాలొచ్చారు. రైలు బయల్దేరింది. యార్డు మొదట్లో ఉన్న పాయింటు (ఒక లైను రెండుగా చీలే చోటు) మీదికి మూడో పెట్టె రాగానే మొత్తం ఆగిపోయింది. ఆ రైలే కాదు, పక్క లైనులో ఉన్నది కూడా. ఒక క్షణం తర్వాత డీసీసీ (రైళ్లను నడిపే డిజిటల్ కంట్రోల్) కరెంటు మళ్లీ ఇచ్చింది, ఇంజన్ శబ్దం మొదటినుంచి మొదలైంది, నాలుగు అంగుళాలు కదిలి మళ్లీ ఆగింది. పిల్లలకు అదే ఆటగా ఉంది. నాకు టెన్షన్.

రెండు ఆదివారాలు దానికే పోయాయి. ఇంజన్ మీద అనుమానంతో దాన్ని విప్పాను. తర్వాత వైరింగు మీద పడ్డాను. ఏదో ఇరుసు తిరగబడి ఉందేమోనని మొత్తం తీసి చూశాను. (ఈ చక్రాల్లో ఒకవైపే ఇన్సులేషన్ ఉంటుంది. మెటల్ బోగీలో ఇరుసులు ఎదురుబొదురు వేస్తే షార్ట్ అవుతుంది. నా బోగీలు ప్లాస్టిక్‌వి, ఎలా వేసినా నష్టం లేదు. ఆ సంగతి నలభై ఎనిమిదీ తీశాక గానీ వెలగలేదు. బోగీ అంటే పెట్టె కాదు, కింద చక్రాలుండే చట్రం. రైల్వేవాళ్లెవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను.)

చివరికి రాత్రి గదిలో లైటు ఆర్పేసి, పాయింటు పక్కన గడ్డం ఆనించి, పెట్టెను చేత్తో మెల్లగా తోశాను. ఫ్రాగ్ (పాయింటులో రెండు లైన్ల పట్టాలు కలిసే చోటు) దాటగానే ఆవగింజంత నీలం మెరుపు. ఇంకో చక్రం, ఇంకో మెరుపు.

విషయం ఇది. నా పాయింట్లలో ఫ్రాగ్ మొన ప్లాస్టిక్. దాని వెనక రెండు పట్టాలు ఒకదానికొకటి బాగా దగ్గరగా వస్తాయి, రెండింటికీ వేర్వేరు పోలారిటీ. నేను వేసిన చక్రం తొక్కే వెడల్పు 2.8 మిల్లీమీటర్లు. అది ఆ సందును దాటేటప్పుడు ఒక్క క్షణం రెండు పట్టాలనూ కలిపి తొక్కి షార్ట్ చేస్తోంది. ప్లాస్టిక్ చక్రాలు కూడా ఇన్నేళ్లూ అలాగే తొక్కాయి, కానీ వాటిలో కరెంటు పారదు. పాయింటులో మొదటినుంచీ ఉన్న లోపం మెటల్ వచ్చాక బయటపడింది. 2.2 మిల్లీమీటర్ల సన్న చక్రాలూ ఉన్నాయి, వాటికి ఈ బాధ తక్కువ. కానీ కొన్ని పాయింట్లలో అవి ఫ్రాగ్ సందులోకి దిగబడి ఎగురుతాయి. నా పాయింట్లు ఆ రకమే.

మందు మా అమ్మాయి దగ్గర దొరికింది. రంగు లేని గోళ్ల పాలిష్. ఫ్రాగ్ వెనక రెండు పట్టాల కొసలనూ తుడిచి, టూత్‌పిక్ కొనతో అర అంగుళం మేర పల్చగా పూయాలి. "నాన్నా, సీసా అంతా పట్టాలకే పూసేస్తావా?" అంది. రాత్రంతా ఆరనిచ్చాను. పొద్దున తొమ్మిది పెట్టెలూ ఒక్క మెరుపు లేకుండా దాటాయి.

అయితే అది శాశ్వతం కాదు. చక్రాల రాపిడికి నాకు నాలుగైదు నెలల్లో అరిగిపోతుంది. రైలు మళ్లీ ఆగినప్పుడు గుర్తొస్తుంది. ఆ చోట పట్టాను కోసి గ్యాప్ పెట్టడమే అసలు మందు అంటారు. ఉన్న నాలుగు పాయింట్లలో ఒక్కదాన్ని పాడుచేసుకున్నా మళ్లీ తెప్పించుకోవాలి కాబట్టి రంపం జోలికి పోలేదు.

"తేలిగ్గా దొర్లుతాయి" అని మెచ్చుకున్నాను కదా, దానికీ ఇంకో ముఖం ఉంది. నా యార్డు ఒకవైపు కాస్త వాలుగా ఉందని ఈ చక్రాలే చెప్పాయి. ఆపి ఉంచిన పెట్టెలు నిదానంగా మెయిన్ లైను మీదికి నడిచి వస్తాయి. పాత టూత్‌బ్రష్ పోచలు రెండు స్లీపర్ల మధ్య నిలబెట్టి, ఇరుసుకు తగిలేలా అంటించాను. ఇంజన్ లాగితే దాటుతాయి, వాటంతట అవి కదలవు.

తుడవడం పూర్తిగా మానేశానని కూడా అనుకోవద్దు. ముసురు రోజుల్లో, దీపావళి మర్నాడు గుడ్డ పట్టాల్సిందే. ఉప్పు కాగితం మాత్రం మానేశాను, అది చేసిన గీతల్లోనే మురికి కూర్చుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే శుభ్రం అవుతుంది గానీ త్వరగా మళ్లీ నల్లబడుతోందనిపించింది. ఇప్పుడు పెయింట్ల కొట్లో దొరికే ఎంటీవో (మినరల్ టర్పెంటైన్) వాడుతున్నాను. కరెంటు ఆపి, కిటికీ తెరిచి, గుడ్డ మీద రెండు చుక్కలు, ఆ తర్వాత పొడి గుడ్డ. ఇంజన్ చక్రాలకు రబ్బరు రింగులుంటే వాటికి తగలనివ్వకండి.

కొనాలా అంటే, నాది రోజూ అరగంట నడిచే చిన్న లైను, ప్యాసింజర్ పెట్టెలన్నీ ఒకే రకం, తెచ్చిపెట్టే బావమరిది ఉన్నాడు. నాకు గిట్టింది. అల్మరాలో పెట్టుకుని నెలకోసారి తీసేవాళ్లకు ఇంత ఖర్చు దండగే కావచ్చు. పట్టాల మధ్య మాగ్నెట్ పెట్టి కప్లింగ్ విడదీసేవాళ్లు ఇరుసు ఇనుముదా కాదా చూసుకోవాలి, ఇనుముదైతే మాగ్నెట్ పెట్టెను లాగుతుంది.

నా ఆరు బాక్స్‌ఎన్ (బొగ్గు మోసే రకం) గూడ్స్ వ్యాగన్లకు ఇంకా ప్లాస్టిక్ చక్రాలే. అసలు వ్యాగన్ చక్రం 1000 మిల్లీమీటర్లు, అంటే హెచ్‌వోలో 11.5. ఆ సైజు మెటల్‌వి నాకు దొరకలేదు. గూడ్స్ తిప్పిన వారం మాత్రం బనియను ముక్క మళ్లీ కాటుకే.