స్పెయిన్ వేసవి పాదరక్షలు: ఎస్పడ్రిల్ మేలా, అవర్కా మేలా?

స్పెయిన్ మధ్యధరా తీరంలో చేతితో కుట్టిన వేసవి పాదరక్షలు కొనదలచినవారికి ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది జనపనార సోల్ మీద కాన్వాసు గుడ్డ కుట్టిన ఎస్పడ్రిల్. దీనిని స్పెయిన్‌లో సాధారణంగా అల్పర్గాత అనీ, ఆ దేశపు ఈశాన్య ప్రాంతమైన కాటలోనియాలో ఎస్పర్దేన్య అనీ పిలుస్తారు. రెండవది స్పెయిన్‌కు చెందిన మెనోర్కా దీవి రైతులు పొలం పనుల్లో తొడిగిన తోలు చెప్పు, అవర్కా. ఒకప్పుడు ఈ రెండూ శ్రమజీవుల పాదరక్షలే, నేడు రెండూ ఖరీదైన దుకాణాల అద్దాల వెనుకకు చేరాయి.

పనితనం దృష్టితో చూస్తే నా మొగ్గు నిస్సందేహంగా ఎస్పడ్రిల్ వైపే. జనపనారను జడగా అల్లి, ఆ జడను బల్ల మీద పాదం ఆకారంలో చుట్టుకుంటూ వచ్చి, చుట్లు విడిపోకుండా ఒక పక్క నుంచి మరో పక్కకు దబ్బనంతో దారం లాగి బిగిస్తారు. ఆ తరువాత ముందరి గుడ్డను, మడమ గుడ్డను సోల్ అంచు వెంట చేత్తో కుడతారు. సంప్రదాయ పద్ధతిలో కుడి ఎడమల తేడా ఉండదు. తొడిగిన కొద్ది రోజుల్లో ఏ పాదానికి తగినట్లు ఆ జోడు మలుచుకుంటుంది. గ్రనడా ప్రాంతంలోని అల్బున్యోల్ గుహలో దొరికిన ఎస్పార్టో గడ్డి చెప్పులు సుమారు 6,000 ఏళ్ల నాటివని పరిశోధకులు తేల్చారు కనుక, నారను అల్లి కాలికి తొడుక్కునే విద్య ఆ నేలకు ఎంత పాతదో ఊహించవచ్చు. నేటి సోళ్లకు వాడే జనపనార మాత్రం ఎక్కువగా బెంగాల్ డెల్టా పంటే. 1970ల్లో ఫ్రెంచ్ ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాఁ లోరాఁ కోరిక మీద స్పెయిన్ పాదరక్షల సంస్థ కాస్తన్యేర్ ఎత్తు మడమ గల ఎస్పడ్రిల్ తయారుచేసిన తరువాత దీని హోదా మారింది, ధర కూడా మారింది.

అయితే దీని సుగుణమూ, లోపమూ ఆ నారలోనే ఉన్నాయి. పొడి వేడిలో నార చెమటను పీల్చుకుని అరికాలిని చల్లగా ఉంచుతుంది. అదే నార తడిస్తే ఉబ్బి, బలం కోల్పోయి, ఆరిన తరువాత కూడా మునుపటి ఆకారానికి పూర్తిగా రాదు. సోల్ కింద అతికించే పలుచని రబ్బరు పొర నేల తడిని కొంత ఆపగలదే తప్ప, పక్కల నుంచి వచ్చే నీటిని ఆపలేదు. వాషింగ్ మెషీన్‌లో వేయడమంటే వాటిని పారేయడానికి సిద్ధపడినట్లే. పొరపాటున తడిస్తే లోపల కాగితాలు కుక్కి, గాలి ఆడేచోట నెమ్మదిగా ఆరనివ్వాలి.

అవర్కాలో ఇంత అల్లిక లేదు. వేళ్ల పైన ఒక తోలు ముక్క, మడమ వెనుక ఒక తోలు పట్టీ, కింద రబ్బరు సోల్; అంతే. పాత టైర్లను కోసి సోల్‌గా వాడే అలవాటు మోటారు బండ్లు దీవికి వచ్చిన తరువాత మొదలైంది. మన ఊళ్లలో టైరు చెప్పులు వేసుకుని నడిచినవారికి ఆ సోల్ మన్నిక గురించి వేరే చెప్పనక్కరలేదు. రాళ్ల బాటల మీదా, సముద్రపు ఒడ్డునా అవర్కాదే పైచేయి, ఎందుకంటే ఇసుక చేరినా పక్కల నుంచి రాలిపోతుంది, సోల్ తడిసినా తుడిస్తే చాలు. తోలును మాత్రం ఉప్పునీటిలో నాననివ్వకూడదు. మొదటి రోజుల్లో బిరుసు తోలు వేళ్ల పైభాగాన్ని ఒరుసుకుంటుంది, చెమట పట్టే పాదాలకు జిగురుగానూ అనిపిస్తుంది.

కాబట్టి మాడ్రిడ్, సెవియ్య వంటి పొడి వేడి నగరాల్లో సాయంత్రాలు తిరగడానికి ఎస్పడ్రిల్‌నే ఎంచుకుంటాను. దీవులకు వెళ్లేవారికీ, ఒక్క జోడుతో వేసవి మొత్తం గడపదలచినవారికీ అవర్కాయే మేలు. హైదరాబాదుకో విశాఖకో తెచ్చుకుని వాడదలచినవారు మొదటి వాన పడేలోగా ఎస్పడ్రిల్‌ను అటక ఎక్కించక తప్పదని తెలుసుకునే కొనాలి.

కొనేటప్పుడు ఎస్పడ్రిల్ అంచును తిప్పి చూడండి. చేతి కుట్టయితే దారం గుడ్డలోనుంచి నార జడలోకి దిగి కనిపిస్తుంది, కుట్ల మధ్య ఎడం కొద్దిగా హెచ్చుతగ్గులుగా ఉంటుంది. చౌక రకాల్లో రబ్బరు సోల్ చుట్టూ నార పట్టీని కేవలం అలంకారంగా అతికిస్తారు. గుడ్డ వాడుకలో సాగుతుంది కనుక మొదట కాస్త బిగుతుగా ఉన్న జోడే తీసుకోవాలి. అవర్కా విషయంలో మడమ పట్టీ జారకుండా నిలిస్తే సైజు సరిపోయినట్లే.